చేపలు పోయాయి, రొయ్య మిగిలింది

ఉప్పునీటి అక్వేరియం కొత్తగా పెట్టుకున్నవాళ్ల నోట మొదటి రెండు మూడు నెలల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "నీళ్లు పరీక్ష చేశాను, అన్నీ బాగానే ఉన్నాయి, అయినా చేపలు చచ్చిపోతున్నాయి." అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, పీహెచ్ 8.2, ఉప్పదనం వెయ్యి పాళ్లకు 35. అన్నీ పుస్తకంలో రాసిన అంకెలే. అయినా సోమవారం ఒక క్లౌన్ చేప పోయింది, గురువారం దాని జత పోయింది, ఆదివారం పొద్దున చూస్తే నీలం టాంగ్ రాళ్ల సందులో పడి ఉంది. తొట్టె అడుగున ఎర్రచారల రొయ్య మాత్రం మీసాలు ఆడిస్తూ నిక్షేపంగా తిరుగుతోంది.

ఇలాంటప్పుడు చాలామంది మొదట నీళ్లన్నీ మార్చేస్తారు, తర్వాత దుకాణంలో ఇచ్చిన మందేదో పోస్తారు, తొట్టె బోసిగా ఉందని ఇంకో చేపను తెస్తారు. మూడూ తొందరపాటు పనులే. కిట్‌తో తెలిసేది ఈ నిమిషాన నీళ్లలో ఏముందన్నది మాత్రమే, అదీ ఆ కిట్ కొలవగలిగిన నాలుగైదు పదార్థాల వరకే. నిన్న రాత్రి మూడింటికి నీళ్లలో ప్రాణవాయువు ఎంతకు పడిపోయిందో దానికి తెలియదు. చేప మొప్పల్లో ఏ పరాన్నజీవి పాతుకుపోయిందో అసలే తెలియదు. ఏవి చనిపోయాయి, ఏ వరుసలో, ఏ వేళకి, మరీ ముఖ్యంగా ఏవి బతికాయి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే కిట్ చూపని కారణం చాలాసార్లు బయటపడుతుంది. పైన చెప్పిన తొట్టెలో కారణం నీళ్లు కాదని ఆ రొయ్యను చూసే చెప్పవచ్చు. ఎందుకన్నది అర్థం కావాలంటే ముందు చేప ఒంట్లో ఏం జరుగుతోందో తెలియాలి.

సముద్రపు చేప చుట్టూ నీళ్లున్నా నీటి కొరతతోనే బతుకుతుంది. దాని రక్తంలో ఉప్పు సముద్రంలో ఉన్నదానిలో మూడోవంతే. అందుకని ఒంట్లోని నీరు అనుక్షణం బయటి ఉప్పునీటిలోకి జారిపోతూ ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి చేప సముద్రపు నీటినే తాగుతుంది, దాంతోపాటు లోపలికి వచ్చిన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి తోడిపోస్తుంది. మంచినీటి చేప సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. సముద్రపు చేప ఊపిరి తీసుకునేదీ మొప్పలతోనే, ఒంట్లో పుట్టిన అమ్మోనియాను ఎక్కువ భాగం విసర్జించేదీ వాటితోనే. ఒకే పలుచని పొర మూడు పనులు చేస్తోంది. ఆ పొరకు దెబ్బ తగిలితే మూడూ ఒకేసారి కుంటుపడతాయి. బయట పొలుసు ఊడదు, రంగు మారదు, పుండు కనబడదు. కారణం తెలియని చావుల్లో చాలావాటికి మూలం మొప్పల దగ్గరే ఉంటుంది.

చావులన్నీ ఒకే రాత్రి జరిగితే మొదట అనుమానించాల్సింది ప్రాణవాయువును. ఉప్పునీరు మంచినీటికన్నా తక్కువ ప్రాణవాయువును కరిగించుకుంటుంది. 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీటిలో లీటరుకు గరిష్ఠంగా సుమారు 7.8 మిల్లీగ్రాములు కరిగితే సముద్రపు నీటిలో సుమారు 6.4 మిల్లీగ్రాములే. గప్పీలనూ గోల్డ్‌ఫిష్‌నూ పెంచిన అనుభవంతో ఇటువైపు వచ్చినవాళ్లు ఈ తేడాను గుర్తించరు. వేడి పెరిగేకొద్దీ కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు కావలసింది మాత్రం పెరుగుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఉన్న తొట్టెకు ఈ రెండు దెబ్బలూ కలిసి తగులుతాయి. దీపాలు ఆర్పాక నాచు ప్రాణవాయువు ఇవ్వడం ఆపి తానే పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అందువల్ల తెల్లవారుజాముకు నీళ్లలో ప్రాణవాయువు అట్టడుగు మట్టానికి చేరుతుంది. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతుకు ఇది కొత్త సంగతి కాదు. చెరువులో డీఓ (కరిగిన ప్రాణవాయువు) పడిపోయేది ఆ వేళకే అని తెలుసు కాబట్టే రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాడు, కరెంటు పోతే పరుగున వెళ్లి జనరేటర్ వేస్తాడు. ఇంట్లో 200 లీటర్ల తొట్టె పెట్టుకున్నవాళ్లకూ అదే జాగ్రత్త కావాలి. పొద్దున తొమ్మిదింటికి నీళ్లు పరీక్షించి అంతా బాగుందనుకుంటే ఏం లాభం? అప్పటికి దీపాలు వెలిగి, పంపు తిరిగి, ప్రాణవాయువు మళ్లీ మామూలుకు వచ్చేసి ఉంటుంది.

ప్రాణవాయువు అందక చచ్చినప్పుడు ఒక వరుస కనిపిస్తుంది. పెద్ద చేపలు, ఆగకుండా ఈదే చేపలు ముందు పోతాయి. టాంగ్ పోయి చిన్న గోబీ బతికిందంటే, చచ్చిన చేప నోరు తెరుచుకుని మొప్పల మూతలు విచ్చుకుని ఉందంటే, రాత్రి కరెంటు ఎంతసేపు పోయిందో ఇంట్లో వాళ్లను అడగాలి. నీటి ఉపరితలం కదులుతూ ఉండాలి, ప్రాణవాయువు ఎక్కువగా లోపలికి వచ్చేది అక్కడి నుంచే. ఈ సంగతిని చేతిపనితో కనిపెట్టినవాళ్లలో అన్నా థిన్ అనే బ్రిటిష్ మహిళ ఒకరు. 1846లో ఆమె ఇంగ్లండ్‌లోని టార్కీ తీరం నుంచి పగడపు జీవులను లండన్‌కు తెచ్చుకుంది. సముద్రపు నీరు మళ్లీ మళ్లీ తెప్పించుకోవడం కష్టం కనుక ఉన్న నీటినే తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయించేది. రోజూ అరగంటకు పైగా ఆ పని చేసింది ఇంటి పనిమనిషి. ఉప్పునీటి అక్వేరియం చరిత్రలో మొదటి ఎయిర్ పంపు ఆ పేరు తెలియని అమ్మాయి చేతులే. ఇప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు కొద్ది ఖర్చుతో వస్తుంది. దీపాలకన్నా, రంగురాళ్లకన్నా ముందు కొనాల్సిన వస్తువు అది.

ఇక అమ్మోనియా. చేప వదిలిన అమ్మోనియాను ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ పని చేసే బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపించాడు. వీటి పెరుగుదల చాలా నెమ్మది. మామూలు బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపు కాగలదు. వీటికి సగం రోజు నుంచి ఒక రోజుకు పైగా పడుతుంది. కొత్త తొట్టెలో రాళ్ల మీదా ఇసుకలోనూ ఇవి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. ఆ వారాల్లో చేపను వేయడమంటే దాని విసర్జన దాని మొప్పలనే కాల్చేలా వదిలేయడం. "డాంసెల్ చేపలు గట్టివి, వాటితో మొదలుపెట్టండి" అని ఇప్పటికీ సలహా ఇస్తారు. గట్టివే, కానీ వాటికీ నొప్పి ఉంటుంది. ఆ అవసరం ఇప్పుడు లేదు. చేప లేకుండానే శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ కొద్దికొద్దిగా వేసి ఆ సూక్ష్మజీవులను పెంచవచ్చు. అదే రసాయనమైనా కళాయి పనికి వాడే నవసారం పనికిరాదు, అందులో ఏ మలినాలున్నాయో తెలియదు. ప్రయోగశాలకు అమ్మే రకమే తీసుకోవాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఒక రోజులో మాయమై, నైట్రైట్ కూడా సున్నాకు వస్తే తొట్టె సిద్ధమైనట్టు.

అమ్మోనియా విషయంలో ఇంకో చిక్కుంది. కిట్ చూపేది మొత్తం అమ్మోనియాను. అందులో చేపను చంపేది ఒక భాగమే, అంటే విద్యుదావేశం లేని అమ్మోనియా. మిగిలినది అమ్మోనియం అయాను, దానితో హాని చాలా తక్కువ. ఏది ఎంత ఉంటుందో తేల్చేది ముఖ్యంగా పీహెచ్. పీహెచ్ 7 దగ్గర విషరూపం అర శాతం చుట్టూ ఉంటుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర 7 శాతం దాకా ఉంటుంది. మంచినీటి తొట్టెలో తట్టుకోగలిగిన మోతాదు ఇక్కడ ప్రాణం తీస్తుందన్నమాట.

కొత్త చేప ఇంటికొచ్చిన రోజే చనిపోవడానికి ఒక ముఖ్య కారణం ఈ రసాయనంలోనే దాగి ఉంది. చెన్నై నుంచో ముంబై నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన చేప ప్లాస్టిక్ సంచీలో అన్ని గంటలూ అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. అదే సంచీలో దాని ఊపిరి నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ కూడా పేరుకుంటుంది. దాంతో నీటి పీహెచ్ బాగా పడిపోతుంది, అమ్మోనియాలో ఎక్కువ భాగం హానిలేని రూపంలోనే ఉండిపోతుంది. సంచీలో ఉన్నంతసేపు చేపను కాపాడింది ఆ మురికి గాలే. మనం సంచీ మూతి విప్పుతాం. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. ఒక అంకె లేచిందంటే విషపు అమ్మోనియా దాదాపు పది రెట్లవుతుంది. ఆ నీళ్లలోకే సన్నని గొట్టంతో చుక్కచుక్కగా తొట్టె నీళ్లు వదులుతూ రెండు గంటలు "అలవాటు" చేస్తాం. మన ఉద్దేశం మంచిదే, కానీ ఆ రెండు గంటలూ చేప విషంలో ఉంటుంది. సంచీ నీళ్లను ఆ రోజు కొలిచేవాళ్లు అరుదు, కొలిచేది తొట్టె నీళ్లను. అక్కడ అమ్మోనియా సున్నాయే ఉంటుంది మరి.

అలాగని చేపను నేరుగా గుమ్మరించడమూ ప్రమాదమే. చాలా దుకాణాలు చేపల తొట్టెలను తక్కువ ఉప్పదనంతో నడుపుతాయి. ఉప్పు ఖర్చు తగ్గుతుంది, పరాన్నజీవుల ఉధృతి కూడా కొంత అణుగుతుంది. వెయ్యి పాళ్లకు 26, 27 ఉన్న నీటి నుంచి ఒక్కసారిగా 35కు వచ్చిన చేప ఒంట్లోంచి నీరు వేగంగా పోతుంది. అది ఆ క్షణాన చావదు, ఒకటి రెండు రోజులు మూలన నిలబడి ఆ తర్వాత చనిపోతుంది. తక్కువ నుంచి ఎక్కువకు పోవడం చేపకు చాలా కష్టం. ఎక్కువ నుంచి తక్కువకు దిగడం కాస్త తేలిక. రొయ్యలు, నత్తలు ఎటు మారినా తట్టుకోలేవు. అందుకే చేప ఎంత ఉప్పదనంలో ఉందో బయల్దేరేముందే దుకాణంవాళ్లను అడిగి, ఇంట్లో ఒక విడి తొట్టెను అదే అంకెకు సిద్ధం చేసి పెట్టుకోవాలి. వేడి సమానమయ్యేదాకా సంచీని విప్పకుండా పావుగంట ఆ తొట్టెలో తేలనివ్వాలి. తర్వాత చేపను వెంటనే అందులోకి మార్చి, సంచీ నీళ్లు పారబోయాలి. ఆపైన కొన్ని రోజుల్లో నెమ్మదిగా 35కు తీసుకురావచ్చు.

ఉప్పదనం కొలిచే పరికరాన్ని కూడా నమ్మేముందు పరీక్షించుకోవాలి. ముల్లు ఊగే చవక హైడ్రోమీటర్‌లో ముల్లుకు ఒక గాలిబుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ మేలు, అయితే దాన్ని 35 ఉప్పదనం ఉన్న ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవాలి. ఆవిరి సంగతీ మరువకూడదు. ఎండాకాలంలో తొట్టె మీద ఫ్యాను పెడితే నీరు త్వరగా తగ్గుతుంది, ఉప్పు మాత్రం లోపలే ఉంటుంది. పదో వంతు నీరు ఆవిరైతే 35 కాస్తా 39 అవుతుంది. ఆ లోటును మంచినీటితోనే పూడ్చాలి. ఉప్పునీటితో పూడిస్తే వారం వారం ఉప్పు పెరుగుతూ పోతుంది.

విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లకు సహజంగా ఒక ఆలోచన వస్తుంది. సముద్రం పక్కనే ఉండగా ప్యాకెట్ ఉప్పు ఎందుకు, డబ్బా తీసుకుని ఒడ్డుకు పోతే సరిపోదా? సరిపోదు. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి కలుస్తాయి. వానాకాలం తర్వాత మన తీరం వెంబడి పైపొర నీటిలో ఉప్పదనం 35కన్నా చాలా కిందికి పడిపోతుంది. దానికి తోడు నగరపు మురుగు, పడవల నూనె, డబ్బాలో చీకటిలో చచ్చి కుళ్లే సూక్ష్మజీవులు. తొట్టెకు కావలసింది ఏడాది పొడవునా ఒకేలా ఉండే నీరు. ఆర్వో నీటిలో అక్వేరియం కోసం తయారైన సముద్రపు ఉప్పు కలపడమే నా దృష్టిలో సరైన దారి. వంటింటి ఉప్పు అసలు పనికిరాదు. సముద్రపు ఉప్పులో సోడియం, క్లోరైడ్ కలిసి దాదాపు 85 శాతం ఉంటాయి. మిగిలిన మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం లేకుండా అది సముద్రపు నీరు కాదు.

నైట్రైట్ గురించి మాత్రం అంత కంగారు పడనక్కర్లేదు. మంచినీటి చేపను అది రక్తం గోధుమరంగుకు మారేలా చేసి చంపుతుంది. సముద్రపు నీటిలో పుష్కలంగా ఉన్న క్లోరైడ్ దాన్ని మొప్పల దగ్గరే చాలావరకు అడ్డుకుంటుంది.

విషాల విషయానికి వస్తే, ఇక్కడే రొయ్య మనకు ఎంతో చెబుతుంది. పొద్దున లేచేసరికి రొయ్యలు, పీతలు వెల్లకిలా పడి ఉండి, చేపలు ఇంకా తిరుగుతున్నాయంటే విషమో, ఉప్పదనంలో హఠాత్తు మార్పో జరిగిందని అర్థం. మన ఇళ్లలో మొదట చూడాల్సింది దోమల మందు. గోడ ప్లగ్గులో పెట్టే ద్రవాల్లో, చుట్టల్లో, బొద్దింకల స్ప్రేల్లో ఉండేవి ఎక్కువగా పైరెథ్రాయిడ్ మందులు. మనుషులకు కొంత సురక్షితం, చేపలకూ రొయ్యలకూ మాత్రం లీటరుకు మైక్రోగ్రాముల మోతాదే ప్రాణాంతకం. రొయ్య పురుగులకు దగ్గరి బంధువు, అందుకే దానికి ఇంకా ముందు తగులుతుంది. గదిలో గాలిని రాత్రంతా పీల్చి నీళ్లలోకి పంపేది ఎయిర్ పంపు. దాన్ని దోమల మందు ఉన్న గదిలోనే పెడితే ఆ మందును మనమే తొట్టెలోకి ఎక్కించినట్టవుతుంది. తొట్టె ఉన్న గదిలో ఈ మందులు వాడనే వాడకూడదని నేను గట్టిగా చెబుతాను. దోమతెర కట్టుకోండి.

రాగి కూడా ఇలాంటిదే. చేపల మందుల్లో రాగి ఉంటుంది, అది చేపను కాపాడే మోతాదులోనే రొయ్యలను, నత్తలను, పగడాలను చంపుతుంది. సున్నపురాయి స్వభావం ఉన్న రాళ్లు రాగిని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. అందుకని అసలు తొట్టెలో మందు పోయకూడదు. కుళాయి నీటిలో క్లోరిన్ సంగతి అందరికీ తెలిసిందే, సోడియం థయోసల్ఫేట్ దాన్ని విరిచేస్తుంది. లోతైన ఇసుకను కలియబెట్టినప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడిందని గుర్తించి, వెంటనే గాలి పెంచి నీళ్లు మార్చాలి.

ఇప్పుడు మొదట చెప్పిన తొట్టె దగ్గరికి వద్దాం. చేపలు రెండు మూడు రోజుల ఎడంతో ఒక్కొక్కటిగా పోతున్నాయి, రొయ్య, నత్తలు హాయిగా ఉన్నాయి, నీటి అంకెలు బాగున్నాయి. చేపను పట్టి రొయ్యను వదిలేసే శత్రువు నీటిలో కరిగిన విషం కాలేదు. అది చేపల మీదే బతికే పరాన్నజీవి అయి ఉండాలి. కొత్త తొట్టెల్లో దీనికి పేరుమోసినది వెల్వెట్ జబ్బు. దీన్ని తెచ్చేది అమైలోడినియం ఒసెల్లాటం అనే ఏకకణ జీవి, 1931లో ఈ.ఎం. బ్రౌన్ దీన్ని లండన్‌లో తొలిసారి వర్ణించారు. ఇది మొదట పట్టేది మొప్పలను. వేళ్లలాంటి తంతువులు మొప్ప కణాల్లోకి దించి తింటుంది. కడుపు నిండాక చేపను వదిలి అడుగుకు చేరి, గూడు కట్టుకుని, ఒకటి 256 వరకు పిల్లలుగా విడిపోతుంది. మన ఇళ్ల వేడికి ఈ చక్రం కొద్ది రోజుల్లోనే పూర్తవుతుంది. తొట్టె సముద్రం కాదు, ఆ పిల్లలన్నిటికీ చేప దొరుకుతుంది. చర్మం మీద బంగారు పొడి చల్లినట్టు మెరుపు కనిపించేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. చాలా చేపలు ఆ మెరుపు కనిపించకుండానే మొప్పలు పాడై పోతాయి. ముందు కనిపించేవి ప్రవర్తనలో మార్పులు: తిండి మానడం, వెలుతురును తప్పించుకోవడం, వేగంగా మొప్పలు ఆడించడం, పంపు నుంచి నీరు దూకేచోట ఎదురుగా నిలబడటం. చేప ఆడుకుంటోందని మురిసిపోతాం. అది ఊపిరి కోసం అక్కడ నిలబడింది.

దీనికి తోబుట్టువులాంటిది తెల్లమచ్చల జబ్బు, క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ వల్ల వచ్చేది. ఉప్పు రవ్వలంత మచ్చలు వచ్చి మూడు నుంచి ఏడు రోజుల్లో మాయమవుతాయి. మందు పనిచేసిందని సంబరపడతారు. నిజానికి ఆ జీవులు తమ దశ పూర్తయి ఇసుకలోకి దిగాయి, అక్కడ ఒక్కొక్కటి వందలాది పిల్లలను తయారుచేస్తోంది. గూడు కట్టుకున్న కొన్ని 72 రోజుల దాకా ఆగి పొదిగిన సందర్భాలు నమోదయ్యాయి. అందుకే అనుభవజ్ఞులు తొట్టెను 76 రోజులు చేపలు లేకుండా ఖాళీగా ఉంచమంటారు. ఆక్వా రైతులకు ఒక మాట: రొయ్యల్లో వచ్చే వైట్ స్పాట్ ఒక వైరస్, దీనితో ఏ సంబంధమూ లేదు. క్లౌన్ చేప ఒంటి నుంచి తెల్లని జిగురు పొరలుగా ఊడుతూ ఒకటి రెండు రోజుల్లో పోయిందంటే అది బ్రూక్లినెల్లా అనే మరో జీవి పని, దానికి మందు ఫార్మలిన్. ఫార్మలిన్ వాడినప్పుడు నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, గాలి ఎక్కువగా కొట్టాలి.

వీటిలో ఏదో తేల్చేది సూక్ష్మదర్శిని. చేప చచ్చిన గంట రెండు గంటల్లోపు మొప్ప నుంచి చిన్న ముక్క కత్తిరించి, తొట్టె నీటి చుక్కలో అద్దం మీద పెట్టి చూస్తే చాలు. కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఉండే మామూలు పరికరం సరిపోతుంది. కదలకుండా అతుక్కున్న ముదురు గుండ్రని కణాలు వెల్వెట్‌వి. మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉండేది క్రిప్టోకేరియాన్. వెంటనే వీలుకాకపోతే చేపను సంచీలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో పెడితే కణజాలం చెడిపోతుంది. మన వేడికి బయట ఉంచిన చేప కొన్ని గంటల్లోనే కుళ్లి ఏమీ చెప్పలేని స్థితికి చేరుతుంది. రాత్రి చచ్చిన చేప తొట్టెలోనే ఉండిపోతే అదే అమ్మోనియాను విడుదల చేస్తుంది. అందుకని చావు తర్వాత కనిపించిన అమ్మోనియా చావుకు కారణమో ఫలితమో ఆలోచించి చూడాలి.

వెల్వెట్‌కైనా తెల్లమచ్చలకైనా వైద్యం విడి తొట్టెలోనే. లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి అయాన్లను రెండు మూడు వారాలు నిలకడగా ఉంచాలి, రోజూ కొలవాలి. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే చేపే పోతుంది. తెల్లమచ్చల జబ్బుకు ఉప్పదనాన్ని 16 కిందికి దించి మూడు నాలుగు వారాలు ఉంచే పద్ధతీ ఉంది. వెల్వెట్ మాత్రం తక్కువ ఉప్పులోనూ బతికేస్తుంది, కాబట్టి జబ్బు ఏదో తెలియకుండా ఈ పద్ధతి మొదలుపెడితే విలువైన రోజులు వృథా.

పాత చేపలన్నీ బాగుండి కొత్తగా వచ్చినదొక్కటే పోతే తొట్టెను వదిలి దాని పూర్వకథ చూడాలి. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి, తర్వాత ఇండోనేషియాలో, పగడపు దిబ్బల్లో చేపలను మత్తెక్కించి పట్టడానికి సయనైడ్ నీళ్లు చిమ్మే పద్ధతి వ్యాపించింది. కణం ఊపిరి తీసుకునే యంత్రాంగాన్నే సయనైడ్ ఆపేస్తుంది. ఆ క్షణానికి బతికిన చేపల్లో కూడా కొన్ని దెబ్బతిన్న అవయవాలతో ఎంతో దూరం ప్రయాణించి, రోజుల తర్వాత ఎవరింట్లోనో చనిపోతాయి. అది కొన్నవాళ్ల తప్పు కాదు. కొన్ని చేపలు మెల్లగా ఆకలితో పోతాయి. మాండరిన్ చేప రాళ్ల మీద పాకే సూక్ష్మ కోపెపాడ్‌లను ఏరుకుతింటుంది, కొత్త తొట్టెలో అవి ఉండవు. రోజూ మేత వేస్తూనే ఉంటాం, అది దాన్ని ముట్టదు, నెల రెండు నెలల్లో వీపు సన్నబడి పోతుంది. దాన్ని కొత్తవాళ్లకు అమ్మకూడదు, కొత్తవాళ్లు కొనకూడదు. ముందే ఇల్లు చేసుకున్న డాంసెల్ రాత్రి వెంటాడి చంపడం కూడా మామూలే. చిరిగిన వాజాలు చూస్తే తెలుస్తుంది.

కాబట్టి చేప పోయిన పొద్దున చేయవలసింది, ముందు మిగతా చేపల ఊపిరి చూడటం, గాలి పెంచడం. రొయ్యను, నత్తను చూడండి. చావు వేళ, చచ్చిన చేప పరిమాణం, చివరి కొత్త చేప వచ్చిన తేదీ, నిన్నటి కరెంటు కోత, గదిలో కొట్టిన మందు ఒక పుస్తకంలో రాయండి. పీహెచ్, అమ్మోనియా, ఉప్పదనం, వేడి అప్పటికప్పుడు కొలవండి. విషం అనిపిస్తే సగం నీళ్లు మార్చి యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. జబ్బు అనిపిస్తే చేపలన్నిటినీ విడి తొట్టెకు మార్చండి, ఎందుకంటే నీళ్లు మార్చినంత మాత్రాన ఇసుకలో పొదుగుతున్నవి పోవు. ఏ సంగతీ తేలకముందు మందు పోయకండి. కారణం తెలిసేదాకా కొత్త చేప తేకండి.

వీటన్నిటికన్నా ముందుగా చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి కొత్త చేపనూ నాలుగు నుంచి ఆరు వారాలు విడి తొట్టెలో ఉంచడం. నలభై లీటర్ల గాజు తొట్టె, ఒక స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి రెండు ప్లాస్టిక్ పైపు ముక్కలు చాలు. కొత్తవాళ్లలో చాలామంది దీన్ని అనవసరపు ఖర్చు అనుకుంటారు. అసలు తొట్టెకు పెట్టిన డబ్బులో అది చిన్న భాగమే, కానీ కారణం తెలియని చావుల్లో ఎక్కువ భాగాన్ని అదే ఆపుతుంది.

ఇక ఏం కొనవచ్చో చూద్దాం. పగడాలను, సముద్ర గుర్రాలను 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిస్తోంది. ఎవరైనా చాటుగా అమ్మజూపినా ముట్టకండి. చేపల విషయంలో మాత్రం మంచి దారి ఇప్పటికే ఉంది. కొచ్చిలో కేంద్ర కార్యాలయం ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు క్లౌన్, డాంసెల్ చేపలను హేచరీలో గుడ్డు నుంచి పెంచే పద్ధతులను రూపొందించారు. నీలం టాంగ్‌ను సైతం 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు తొట్టెల్లోనే గుడ్డు నుంచి పెంచగలిగారు. తొట్టెలోనే పుట్టిన చేప తొట్టె నీటికీ పొడి మేతకూ చిన్నప్పుడే అలవాటు పడి ఉంటుంది, సయనైడ్ దాని ఒంటిని ముట్టి ఉండదు. కొనేముందు దుకాణంలో రెండే అడగండి: ఈ చేప హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా? మీ తొట్టెలో ఉప్పదనం ఎంత? ఈ రెంటికీ జవాబు చెప్పలేని చోట చేప కొనకండి.